జీమెయిల్‌లో చెత్త మెయిల్స్: అన్నిటికీ ఒకే మందు పనిచేయదు

మీ ఫోన్‌లో జీమెయిల్ ఐకాన్ మీద కనిపించే నంబర్ ఎంత? నాలుగంకెలు దాటిపోయిందా? మీ ఒక్కరికే కాదు లెండి. ఇంటర్‌లోనో, ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ అప్పుడో ఒక మెయిల్ ఐడీ క్రియేట్ చేసుకుంటాం. ఆ తర్వాత బిర్యానీ ఆర్డర్‌కీ అదే, సినిమా టికెట్‌కీ అదే, కొత్త ఫోన్ ఫ్లాష్ సేల్ రిజిస్ట్రేషన్‌కీ అదే. షాపింగ్ మాల్‌లో బిల్లు కౌంటర్ దగ్గర "సార్, మెయిల్ ఐడీ?" అని అడిగితే మొహమాటానికి అదే చెప్పేస్తాం. నాలుగేళ్లు తిరిగేసరికి ఇన్‌బాక్స్ కాస్తా సంత అయిపోతుంది.

ఆఫర్ల మెయిల్స్ వస్తే వచ్చాయి, చూడకుండా వదిలేస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. కానీ అసలు నష్టం వేరే చోట ఉంది. ప్లేస్‌మెంట్ టెస్ట్ లింక్, ఇంటర్వ్యూ టైమ్, యూనివర్సిటీ అడ్మిషన్ లెటర్, వీసా అపాయింట్‌మెంట్ కన్ఫర్మేషన్... ఇలాంటివి ఈ రోజుకీ మెయిల్‌కే వస్తాయి. చాలావాటికి గడువు కూడా ఉంటుంది. "48 గంటల్లోగా ఈ టెస్ట్ పూర్తి చేయండి" అని వచ్చిన మెయిల్ రెండు షూ సేల్స్ మధ్య ఇరుక్కుని కనపడకపోయినా, ఫిల్టర్ దాన్ని స్పామ్ ఫోల్డర్‌లోకి తోసేసినా మనకు జరిగేది ఒకటే.

అందుకే ఈ ఆర్టికల్‌లో "ఇన్‌బాక్స్ జీరో" ఫ్యాషన్ జోలికి పోవడం లేదు. చెత్త తగ్గాలి, కావాల్సిన మెయిల్ మాత్రం చెత్తలోకి పోకూడదు. మొదటిది తేలికే. రెండోదే కష్టం. ఆండ్రాయిడ్ ఫోన్ ఉన్నవాళ్లలో దాదాపు అందరి దగ్గరా జీమెయిల్ ఉంటుంది కాబట్టి, దాన్నే పట్టుకుని మాట్లాడుకుందాం.

ముందు ఏది ఏ రకమో తేల్చుకోండి

మనం "స్పామ్" అని ఒకే మాటతో తిట్టే మెయిల్స్‌లో నిజానికి మూడు రకాలు ఉంటాయి. మూడింటికీ మూడు వేర్వేరు బటన్లు. తప్పు బటన్ నొక్కితే పని జరగకపోవడం అటుంచి, రివర్స్ కూడా కొడుతుంది.

మొదటి రకం మనం చేజేతులా తెచ్చుకున్నది. ఎప్పుడో ఒక యాప్‌లో అకౌంట్ ఓపెన్ చేస్తూ, కింద టిక్ పెట్టి ఉన్న చిన్న బాక్స్ చూడకుండా "కంటిన్యూ" కొట్టేశాం. ఆ కంపెనీ అసలైనదే, అడ్రస్ అసలైనదే, పంపే మెయిలే మనకు అక్కర్లేదు. దీనికి మందు అన్‌సబ్‌స్క్రైబ్.

రెండోది అసలు సిసలు స్పామ్. ఎవరో తెలీదు, అడ్రస్ ఎలా దొరికిందో తెలీదు. బరువు తగ్గించే మాత్రలు, క్రిప్టోలో డబ్బు రెట్టింపు, మీ వెబ్‌సైట్‌కు ఎస్ఈఓ చేస్తాం (మనకు వెబ్‌సైటే ఉండదు). దీనికి రిపోర్ట్ స్పామ్.

మూడోది ఫిషింగ్. బ్యాంకు పేరుతోనో, ఇన్‌కమ్ ట్యాక్స్ రీఫండ్ పేరుతోనో, కొరియర్ పేరుతోనో వచ్చి పాస్‌వర్డ్, ఓటీపీ, కార్డు నంబర్ లాగాలని చూసేది. జీమెయిల్‌ని కంప్యూటర్‌లో ఓపెన్ చేస్తే మెయిల్‌కు పక్కనున్న మూడు చుక్కల మెనూలో దీనికోసం "రిపోర్ట్ ఫిషింగ్" అని వేరే ఆప్షన్ ఉంటుంది.

ఈ మూడింటిలో దేన్నైనా మనలో చాలామంది చేసేది ఒక్కటే: వేలితో పక్కకు తోసి డిలీట్. ఆ క్షణానికి హాయిగానే ఉంటుంది. కానీ డిలీట్ అంటే "దీంతో పని అయిపోయింది" అని మాత్రమే, "ఇది చెత్త" అని కాదు. రేపు అదే మెయిల్ మళ్లీ వస్తుంది. ఎందుకో అర్థం కావాలంటే ఫిల్టర్ ఎలా ఆలోచిస్తుందో కొంచెం చూడాలి.

ఫిల్టర్ బుర్రలో ఏం జరుగుతుంది?

స్పామ్ వయసు ఇంటర్నెట్ కన్నా ఎక్కువే. 1978 మే 3న డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ అనే కంప్యూటర్ కంపెనీలో మార్కెటింగ్ చేసే గ్యారీ థుర్క్, తమ కొత్త కంప్యూటర్ల డెమోకి రమ్మంటూ ఆర్పానెట్‌లో సుమారు 400 మందికి ఒకే మెయిల్ పంపించాడు. తిట్లు బాగానే తిన్నాడు. కొన్నేళ్ల తర్వాత దీన్నే చరిత్రలో మొదటి స్పామ్ మెయిల్ అనడం మొదలుపెట్టారు.

ఆ తర్వాత చాలాకాలం స్పామ్‌ని ఆపడానికి వాడింది రూల్స్. "ఫలానా మాట ఉంటే ఆపెయ్" అన్నమాట. స్పామర్లకు ఇది పిల్లాట. ఆ మాటలో ఒక అక్షరం తీసి సున్నా పెడితే చాలు, రూల్ పని అయిపోయినట్లే.

2002 ఆగస్టులో పాల్ గ్రాహం అనే ప్రోగ్రామర్ "ఎ ప్లాన్ ఫర్ స్పామ్" పేరుతో ఒక వ్యాసం రాశాడు. ఇలాంటి ఆలోచన మీద అంతకుముందే రీసెర్చ్ జరిగినా, ప్రోగ్రామర్లందరికీ ఎక్కించింది మాత్రం ఆ వ్యాసమే. ఐడియా చాలా సింపుల్. ఏ మాట చెడ్డదో మనం చెప్పక్కర్లేదు. ఒక పక్క మంచి మెయిల్స్ కుప్ప, ఇంకో పక్క స్పామ్ కుప్ప పెట్టండి. ఒక్కో మాట ఏ కుప్పలో ఎన్నిసార్లు వచ్చిందో కంప్యూటర్‌నే లెక్కపెట్టుకోనివ్వండి. కొత్త మెయిల్ రాగానే అందులో బాగా అటో ఇటో తూగే 15 మాటలు ఏరి, వాటిని కలిపి ఇది స్పామ్ అయ్యే అవకాశం ఎంత అని లెక్కగడుతుంది. దీన్నే బేసియన్ ఫిల్టరింగ్ అంటారు.

ఇందులో ఒక తమాషా ఉంది. స్పామ్‌ని బాగా పట్టించిన వాటిలో "ఎఫ్ ఎఫ్ 0000" ఒకటని గ్రాహం రాశాడు. అది హెచ్‌టీఎంఎల్‌లో మెరిసే ఎరుపు రంగు కోడ్! అరిచి గోల చేసే ఎర్ర అక్షరాలు స్పామర్లకే ఎక్కువ ఇష్టం కదా. మనిషి కూర్చుని రూల్స్ రాస్తే ఈ సంగతి తట్టేదే కాదు.

నాకు అంతకన్నా నచ్చింది ఇంకోటి. లెక్కలో మంచి మెయిల్స్ కుప్పలోని మాటలకు గ్రాహం కావాలనే రెట్టింపు విలువ ఇచ్చాడు. ఎందుకంటే ఒక స్పామ్ ఇన్‌బాక్స్‌లోకి జారిపోతే మనకు చిరాకు, అంతే. ఒక మంచి మెయిల్ స్పామ్‌లోకి పోతే అది నష్టం. ఈ రెండు తప్పులూ సమానం కావు. ఫిల్టర్లు తయారుచేసే వాళ్లందరినీ ఇరవై ఏళ్లుగా సతాయిస్తున్న పాయింట్ ఇదే. ఫిల్టర్‌ని గట్టిగా బిగిస్తే మంచివి కూడా పోతాయి, వదులు చేస్తే చెత్త లోపలికి వస్తుంది.

ఇప్పుడు జీమెయిల్ వాడేది దీనికన్నా చాలా పెద్ద సరంజామా. 2019లో టెన్సర్‌ఫ్లో అనే తన మెషీన్ లెర్నింగ్ టూల్‌ని దించి, దాని వల్ల రోజుకు అదనంగా 10 కోట్ల స్పామ్ మెయిల్స్ ఆగుతున్నాయని గూగుల్ చెప్పింది. 2023లో రెట్‌వెక్ అనేదాన్ని తెచ్చింది. "ఓ" బదులు సున్నా, "ఎల్" బదులు ఒకటి, చూడ్డానికి ఒకేలా ఉండే వేరే భాషల అక్షరాలు ఇరికించడం లాంటి వేషాలను పట్టడం దీని పని. స్పామ్‌ని గుర్తుపట్టడం 38 శాతం మెరుగైందని, మంచివాటిని పొరపాటున ఆపడం 19.4 శాతం తగ్గిందని కంపెనీ లెక్క. మొత్తం మీద రోజుకు దాదాపు 1500 కోట్ల అక్కర్లేని మెయిల్స్‌ని ఆపుతున్నామని, 99.9 శాతానికి పైగా పట్టేస్తున్నామని గూగుల్ అంటోంది. వినడానికి బాగానే ఉంది. కానీ ఈ రెండు అంకెలనే పట్టుకుని కాగితం మీద లెక్క వేయండి. తప్పించుకునే ఆ 0.1 శాతమే రోజుకు కోటిన్నర అవుతుంది. మీకొచ్చే క్రిప్టో మెయిల్ ఆ కోటిన్నరలో ఒకటి.

ఎంత పెద్ద మెషీన్ అయినా పునాది మాత్రం పాల్ గ్రాహం చెప్పిన రెండు కుప్పలే. ఏది ఏ కుప్పలో పడాలో చెప్పేది మనమే. "రిపోర్ట్ స్పామ్" నొక్కినప్పుడు ఒక మెయిల్‌ని చెత్త కుప్పలో వేస్తున్నాం, స్పామ్ ఫోల్డర్‌లోకి వెళ్లి "నాట్ స్పామ్" నొక్కినప్పుడు మంచి కుప్పలో వేస్తున్నాం. మొదటిది అప్పుడప్పుడైనా చేస్తాం. రెండోది చేసేవాళ్లు అరుదు.

కోపంలో స్పామ్ నొక్కకండి

జాబ్ పోర్టల్స్ సంగతే తీసుకోండి. రోజుకు పది "మీకు తగిన ఉద్యోగాలు" మెయిల్స్ వస్తాయి. మీరు హైదరాబాద్‌లో ఫ్రెషర్ అయితే, అది పుణెలో పన్నెండేళ్ల ఎక్స్‌పీరియన్స్ ఉన్న మేనేజర్ పోస్టు పంపిస్తుంది. కోపం రావడం సహజమే. కానీ అక్కడ రిపోర్ట్ స్పామ్ నొక్కితే, రేపు అదే పోర్టల్ నుంచి ఒక రిక్రూటర్ పంపిన అసలైన ఇంటర్వ్యూ పిలుపు కూడా నేరుగా స్పామ్‌లోకే పోవచ్చు. పంపినవాళ్లు ఎవరన్నది కూడా ఫిల్టర్ చూస్తుంది మరి. ఇలాంటి చోట ఆ సైట్‌లోకే వెళ్లి, సెట్టింగ్స్‌లో జాబ్ అలర్ట్స్ ఆపేసి, రిక్రూటర్ మెసేజ్‌లు మాత్రం ఉంచుకోండి. ఐదు నిమిషాల పని.

బ్యాంకు, కాలేజీ, కరెంటు బిల్లు, ఇన్సూరెన్స్... వీళ్లెవరి ప్రమోషన్ మెయిల్‌కీ స్పామ్ బటన్ వాడకండి. అన్‌సబ్‌స్క్రైబ్ ఒక్కటే దారి.

"బ్లాక్" బటన్ గురించి కూడా ఒక మాట. జీమెయిల్‌లో ఎవరినైనా బ్లాక్ చేస్తే వాళ్ల మెయిల్స్ ఆగిపోవు, స్పామ్ ఫోల్డర్‌లోకి వెళ్తాయి, అంతే. పైగా అసలైన స్పామర్ ప్రతిసారీ కొత్త అడ్రస్‌తో వస్తాడు. కాబట్టి వాడిని బ్లాక్ చేయడం వర్షాన్ని చేత్తో ఆపడం లాంటిది. ఒకే అడ్రస్ నుంచి వెంటపడి విసిగించే మనిషికి మాత్రం బ్లాక్ బాగా పనికొస్తుంది.

అన్‌సబ్‌స్క్రైబ్: ఎక్కడ నొక్కాలి, ఎక్కడ నొక్కకూడదు

"అన్‌సబ్‌స్క్రైబ్ కొడితే మెయిల్స్ ఇంకా ఎక్కువ వస్తాయి బ్రో" అనే మాట మీరూ వినే ఉంటారు. ఇది సగం నిజం.

జీమెయిల్‌లో అన్‌సబ్‌స్క్రైబ్ రెండు చోట్ల కనిపిస్తుంది. ఒకటి మెయిల్ పైభాగంలో, పంపినవాళ్ల పేరు దగ్గర జీమెయిలే చూపించేది. రెండోది మెయిల్ అడుగున చిన్న అక్షరాల్లో పంపినవాళ్లే పెట్టిన లింక్. పైన ఉన్నదాన్ని ధైర్యంగా నొక్కొచ్చు. కింద ఉన్నదాన్ని, కంపెనీ మీకు బాగా తెలిసినదైతేనే నొక్కండి. ఊరూ పేరూ లేని మెయిల్‌లో ఆ లింక్ నొక్కితే "ఈ అడ్రస్‌లో మనిషి ఉన్నాడు, చదువుతున్నాడు" అని స్పామర్‌కు మనమే చెప్పినట్లు. ఆ లింక్ ఏ నకిలీ పేజీకి తీసుకెళ్తుందో కూడా తెలీదు.

పైన ఉన్న బటన్ ఈ మధ్య ఇంత బాగా పనిచేయడానికి ఒక కారణం ఉంది. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ కలిసి కొత్త రూల్స్ పెట్టాయి. జీమెయిల్ అడ్రస్‌లకు రోజుకు 5000 కన్నా ఎక్కువ మెయిల్స్ పంపే కంపెనీలు ప్రమోషన్ మెయిల్స్‌కి ఒక్క క్లిక్‌తో అన్‌సబ్‌స్క్రైబ్ అయ్యే ఏర్పాటు ఇవ్వాలి. నొక్కిన రెండు రోజుల్లోగా ఆపేయాలి. తమ మెయిల్ తమ పేరుతోనే వెళ్తోందని సాంకేతికంగా నిరూపించుకోవాలి (ఎస్పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే మూడు చెకింగ్‌లు). స్పామ్ అని రిపోర్ట్ చేసేవాళ్ల శాతం 0.3కి చేరకూడదు. అంటే వెయ్యి మెయిల్స్‌లో మూడు. ఆ గీత దాటితే కంపెనీ పంపే మెయిల్స్ అన్నీ స్పామ్‌లో పడే ప్రమాదం ఉంది. అందుకే ఇప్పుడు పేరున్న కంపెనీలు అన్‌సబ్‌స్క్రైబ్ రిక్వెస్ట్‌కి భయపడుతున్నాయి. మనకు మంచిదే.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి. అమెరికాలో 2003 నుంచి క్యాన్-స్పామ్ చట్టం ఉంది, వద్దన్నాక పది పనిదినాల్లో మెయిల్స్ ఆపాల్సిందే. మన దగ్గర కాల్స్‌కీ, ఎస్సెమ్మెస్‌లకూ ట్రాయ్ రూల్స్ ఉన్నాయి, 1909కి మెసేజ్ కొట్టి డీఎన్‌డీ పెట్టుకోవచ్చు. కానీ ఆ రూల్స్ ఈమెయిల్‌కు వర్తించవు. ఐటీ చట్టంలో 66ఏ సెక్షన్‌లో చిరాకు పెట్టే మెయిల్స్ ప్రస్తావన ఒకటి ఉండేది గానీ, భావప్రకటన స్వేచ్ఛకు విరుద్ధమని ఆ సెక్షన్ మొత్తాన్నీ సుప్రీంకోర్టు 2015 మార్చిలో కొట్టేసింది. కోర్టు చేసింది సరైనదే. దాంతో మన ఇన్‌బాక్స్‌ని కాపాడే రూల్ ప్రస్తుతానికి ఒక ప్రైవేటు కంపెనీ పెట్టిన రూల్ అయి కూర్చుంది. ఆలోచిస్తే కొంచెం వింతగానే ఉంటుంది.

సరే, పనిలోకి వద్దాం. 2025 జులై నుంచి జీమెయిల్‌లో "మేనేజ్ సబ్‌స్క్రిప్షన్స్" అనే పేజీ వచ్చింది. యాప్‌లో ఎడమవైపు మూడు గీతల మెనూ ఓపెన్ చేస్తే కనిపిస్తుంది. మీకు ఎవరెవరు రెగ్యులర్‌గా మెయిల్స్ పంపిస్తున్నారో, ఈ మధ్య ఎన్ని పంపించారో ఎక్కువ నుంచి తక్కువ వరుసలో చూపిస్తుంది. పక్కనే అన్‌సబ్‌స్క్రైబ్ బటన్. ఒక్కో మెయిల్ వెతుక్కుంటూ పోనక్కర్లేదు. చాయ్ తాగుతూ కూర్చుని పైనున్న మొదటి ఇరవై ఖాళీ చేయండి చాలు, తేడా వారంలోనే తెలుస్తుంది.

"ఆఫర్" అన్న మాటతో ఫిల్టర్ పెడుతున్నారా? ఆగండి

ఫోన్ జీమెయిల్ యాప్‌లో సొంత ఫిల్టర్లు తయారుచేసే అవకాశం లేదు. ఇన్నేళ్లయినా గూగుల్ దీన్ని ఎందుకు ఇవ్వలేదో అర్థం కాదు. లాప్‌టాప్‌లో ఒక్కసారి పెట్టేస్తే మాత్రం ఆ తర్వాత ఫోన్‌లో కూడా పనిచేస్తుంది.

లాప్‌టాప్‌లో జీమెయిల్ ఓపెన్ చేసి, సెర్చ్ బాక్స్‌కు కుడి చివర ఉన్న గీతల గుర్తు నొక్కండి. ఒక ఫారం వస్తుంది. ఎవరి నుంచి, ఏ సబ్జెక్ట్, ఏ మాటలు అన్నవి నింపి "క్రియేట్ ఫిల్టర్" కొడితే, వాటిని ఏం చేయాలో అడుగుతుంది. ఇక్కడే ఉత్సాహం ఎక్కువైన కుర్రాళ్లు చేసే పని ఒకటుంది. మాటల దగ్గర "ఆఫర్" అని పెట్టి, "డిలీట్ ఇట్" టిక్ చేసేస్తారు. షూ సేల్స్ పోతాయి, నిజమే. వాటితో పాటే ఉద్యోగం ఇచ్చిన కంపెనీ పంపే "ఆఫర్ లెటర్" కూడా పోతుంది. "ఫ్రీ", "అర్జెంట్", "కంగ్రాచులేషన్స్" కూడా ఇలాంటి మాటలే. స్కాలర్‌షిప్ వచ్చిందని చెప్పే మెయిల్ ఇంకెలా మొదలవుతుంది చెప్పండి? ఒక్క మాటను బట్టి తీర్పు చెప్పకూడదు అన్న పాల్ గ్రాహం పాయింట్ మన సొంత ఫిల్టర్లకు కూడా వర్తిస్తుంది.

కాబట్టి డిలీట్ చేసే ఫిల్టర్ల జోలికి పోవద్దు. కాపాడే ఫిల్టర్లు పెట్టండి. "ఫ్రమ్" దగ్గర మీ కాలేజీ డొమైన్, అప్లై చేసిన కంపెనీ డొమైన్ (అడ్రస్‌లో @ తర్వాత వచ్చే భాగం) పెట్టి, "నెవర్ సెండ్ ఇట్ టు స్పామ్" టిక్ చేయండి. ఒక లేబుల్ కూడా తగిలిస్తే ఇంకా మంచిది. ఇక ఆ మెయిల్స్ ఫిల్టర్ మూడ్ మీద ఆధారపడవు. ఒక్క హెచ్చరిక: ఇక్కడ "@జీమెయిల్.కామ్" అని మాత్రం పెట్టకండి. ఎవరైనా ఉచితంగా తెరుచుకోగల అడ్రస్‌లన్నిటికీ గేటు బార్లా తీసినట్లే.

ఆర్డర్ కన్ఫర్మేషన్లు, బిల్లులు లాంటి వాటికి "స్కిప్ ది ఇన్‌బాక్స్" పెట్టి, వేరే లేబుల్‌లోకి పంపేయొచ్చు. కావాల్సినప్పుడు వెతుక్కుంటే దొరుకుతాయి, రోజూ కళ్లకు అడ్డం పడవు.

మీ పేరుతో ఉన్న ఇంకొకరి మెయిల్స్

ఇది మన దగ్గర ఎక్కువగా కనిపించే సమస్య. సాయి, లక్ష్మి, రెడ్డి, రావు కలిసిన పేర్లతో జీమెయిల్ ఐడీ ఉన్నవాళ్లకు బాగా తెలుసు. ఎక్కడో వేరే ఊళ్లో ఎవరో తీసుకున్న బైక్ లోన్ ఈఎంఐ రిమైండర్, ఎవరి పిల్లాడిదో స్కూల్ ఫీజు రసీదు మన ఇన్‌బాక్స్‌లో పడుతుంటాయి. "నా ఐడీలో చుక్క లేదు, వాళ్ల దాంట్లో చుక్క ఉంది, గూగుల్ కలిపేసింది" అనుకుంటారు చాలామంది. అలా కాదు. జీమెయిల్ అడ్రస్‌లో చుక్కలను అసలు లెక్కలోకే తీసుకోదు. చుక్క ఉన్నా లేకపోయినా ఆ అడ్రస్ మీదే, ఇంకొకరు దాన్ని తీసుకోలేరు. వాళ్లెవరో ఫారం నింపేటప్పుడు తమ ఐడీ తప్పు రాశారు, అంతే.

ఈ మెయిల్స్‌లో "కన్ఫర్మ్ యువర్ అకౌంట్" అని ఉంటే నొక్కకండి. "ఇది నా అకౌంట్ కాదు" అనే లింక్ కొన్నింటిలో ఉంటుంది, పంపింది తెలిసిన కంపెనీ అయితే అది వాడండి. అదీ లేకపోతే ఒక ఫిల్టర్ పెట్టి పక్కకు పంపేయండి. అదే బ్యాంకులో మీకూ అకౌంట్ ఉంటే మాత్రం స్పామ్ అని రిపోర్ట్ చేయొద్దు, కారణం పైన చెప్పుకున్నదే.

అడ్రస్ ఇచ్చేటప్పుడే తెలివిగా

జీమెయిల్‌లో ప్లస్ గుర్తు ట్రిక్ పాతదే అయినా ఇంకా పనిచేస్తుంది. "మీపేరు+షాపింగ్@జీమెయిల్.కామ్" అని ఇంగ్లిష్ అక్షరాల్లో ఇస్తే ఆ మెయిల్ మీకే వస్తుంది. ఒక్కో సైట్‌కి ఒక్కో మాట పెట్టుకుంటే, మీ అడ్రస్‌ని ఎవరు బయటకు వదిలారో తర్వాత తెలిసిపోతుంది. కొన్ని సైట్లు ప్లస్ గుర్తు ఒప్పుకోవు. తెలివైన స్పామర్ ప్లస్ తర్వాతి భాగం తీసేసి అసలు అడ్రస్ రాబట్టగలడు కూడా. అందుకని ఇది దొంగను పట్టించే ట్రిక్కే తప్ప తాళం కాదు.

తాళమే కావాలంటే ముసుగు అడ్రస్‌లు వాడాలి. ఫైర్‌ఫాక్స్ రిలే ఉచితంగా ఐదు ముసుగులు ఇస్తుంది. డక్‌డక్‌గో ఈమెయిల్ ప్రొటెక్షన్ పూర్తిగా ఫ్రీ, మెయిల్‌లో దాగిన ట్రాకర్లను కూడా తీసేసి పంపిస్తుంది. ఐఫోన్ వాడుతూ ఐక్లౌడ్ ప్లస్ తీసుకున్నవాళ్లకు "హైడ్ మై ఈమెయిల్" ఉంది. విసుగొచ్చిన రోజు ఆ ముసుగును ఆఫ్ చేసేస్తే ఆ దారి మూసుకుపోతుంది. నా ఛాయిస్ డక్‌డక్‌గో. కానీ ఉద్యోగం, చదువు, బ్యాంకు, ప్రభుత్వ పనులకు మాత్రం ముసుగు వద్దు, అసలు అడ్రస్సే ఇవ్వండి. మధ్యలో ఇంకో సర్వీసు ఉందంటే అక్కడ మెయిల్ తప్పిపోయే అవకాశం ఇంకొంచెం పెరిగినట్లే.

మీ అడ్రస్ ఇప్పటికే ఏ డేటా లీక్‌లోనైనా బయటపడిందా అని చూసుకోవాలంటే ట్రాయ్ హంట్ 2013లో మొదలుపెట్టిన "హ్యావ్ ఐ బీన్ పోన్డ్" సైట్ ఉంది. అడ్రస్ కొడితే ఏ సైట్ నుంచి, ఎప్పుడు లీకైందో చెప్తుంది. అక్కడ మీ పేరు కనపడితే ముందు పాస్‌వర్డ్ మార్చండి, స్పామ్ సంగతి తర్వాత.

ఫోన్‌లో ఫిషింగ్‌ని ఎలా పట్టాలి

ఫోన్ స్క్రీన్ మీద పంపినవాళ్ల పేరే పెద్దగా కనిపిస్తుంది, అడ్రస్ దాక్కుని ఉంటుంది. మోసగాళ్లకు కావాల్సింది కూడా అదే. పేరు కింద "టు మీ" పక్కనున్న చిన్న బాణం నొక్కితే పూర్తి అడ్రస్ వస్తుంది, అక్కడి నుంచే సెక్యూరిటీ వివరాలు కూడా చూడొచ్చు. అడ్రస్‌ని చివరి నుంచి చదవడం అలవాటు చేసుకోండి. ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్లదైతే చివర "గవ్.ఇన్" ఉంటుంది. మధ్యలో ఎక్కడో "గవ్" అని ఉండి చివర ఇంకేదో ఉంటే అది నకిలీ. బ్యాంకులు తమ వెబ్‌సైట్లను "బ్యాంక్.ఇన్" డొమైన్‌లోకి 2025 అక్టోబర్ 31లోగా మార్చుకోవాలని ఆర్‌బీఐ ఆదేశించింది. కాబట్టి మెయిల్‌లోని లింక్ నొక్కకుండా, వేలితో కాసేపు పట్టుకుని ఉంచితే కనిపించే అడ్రస్‌లో బ్యాంకు డొమైన్ చివర ఏముందో చూడండి. డబ్బు పోయిందని తెలిస్తే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

క్యాలెండర్‌లో ఉన్నట్టుండి "మీరు ఐఫోన్ గెలిచారు" అని మీటింగ్ కనిపిస్తే అది కూడా మెయిల్ దారిలో వచ్చిన చెత్తే. గూగుల్ క్యాలెండర్ సెట్టింగ్స్‌లో ఇన్విటేషన్స్ దగ్గర "పంపినవాళ్లు తెలిసినవాళ్లయితేనే" అన్నది సెలెక్ట్ చేసుకుంటే ఆగిపోతుంది.

స్పామ్ ఫోల్డర్‌ని ఎప్పుడు, ఎలా చూడాలి

స్పామ్‌లో పడిన మెయిల్ 30 రోజులకు దానంతటదే పోతుంది. ఇది అందరికీ తెలిసిందే. చాలామందికి తెలియనిది ఇంకోటి ఉంది: జీమెయిల్‌లో మామూలుగా సెర్చ్ చేస్తే స్పామ్ ఫోల్డర్‌ని వెతకదు. కంపెనీ పేరు కొట్టి, ఏమీ రాలేదని, "వాళ్లు మెయిల్ పంపలేదు" అని డిసైడ్ అయిపోతాం. లాప్‌టాప్‌లో అదే గీతల గుర్తు నొక్కి, కింద "ఆల్ మెయిల్" అని ఉన్నచోట "మెయిల్, స్పామ్, ట్రాష్" సెలెక్ట్ చేసి వెతకండి. ఫోన్‌లో అయితే నేరుగా స్పామ్ ఫోల్డర్ ఓపెన్ చేసి, పేర్ల మీద ఓసారి కళ్లు తిప్పండి. మెయిల్స్ తెరవక్కర్లేదు, ఒక నిమిషం పట్టదు.

అప్లికేషన్లు పెట్టి ఎదురుచూస్తున్న రోజుల్లో ఈ పని రోజూ చేయండి. మిగతా రోజుల్లో వారానికోసారి చాలు. అక్కడ మీకు కావాల్సింది కనపడితే కాపీ చేసుకుని వదిలేయకండి. "నాట్ స్పామ్" నొక్కండి, ఆ అడ్రస్‌ని కాంటాక్ట్స్‌లో సేవ్ చేయండి, ఆ తర్వాతే లింక్ ఓపెన్ చేసి టెస్ట్ రాయండి. రెండో రౌండ్ మెయిల్ వచ్చేది కూడా అదే అడ్రస్ నుంచి.